హుద్దు ఊరెళ్ళలేదు, చచ్చిపోయింది

కుక్క చచ్చిపోయిందన్న మాట పిల్లల చెవిన పడకూడదని మా ఇంట్లో పెద్దవాళ్ళందరూ పొద్దున్న కాఫీలు అయ్యేలోపే తీర్మానం చేసేశారు. అత్తయ్య, ఫోన్లో మా అమ్మ, విజయనగరం నుంచి స్పీకర్లో మా ఆడపడుచు, ఆఖరికి కింద ఫ్లాట్ ఆంటీ కూడా, ఆవిడ పెరుగు తోడుకని వచ్చి మీటింగులో కూర్చుండిపోయారు. ఊరికి పంపించేశామని చెప్పు అని ఒకరు, డాక్టరు తన దగ్గరే ఉంచేసుకున్నాడని చెప్పు నెమ్మదిగా వాళ్ళే మర్చిపోతారు అని ఒకరు, ఆకాశంలో చుక్కైపోయిందని చెప్పు వదినా యూట్యూబ్‌లో అలాంటి కార్టూన్లు బోలెడున్నాయి అని మా ఆడపడుచు. హుద్దు మాత్రం బాల్కనీ తలుపు దగ్గర తన పాత దుప్పటి మీద అలాగే ఉంది, రాత్రి ఏ మూడింటికో ఊపిరి ఆగిపోయి. పిల్లలు గదిలో నిద్రపోతున్నారు. స్కూల్ వ్యాన్ రావడానికి ఇంకా టైముంది.

నేను చెప్పేద్దామన్నాను. చెప్పేశాం. అది సరైన పనేనని ఇప్పటికీ అనుకుంటున్నా. ఇంకో మాట కూడా అంటాను, చెప్పొద్దనేవాళ్ళు పిల్లల పేరు పెట్టుకుని నిజానికి తమ భయం గురించి మాట్లాడుతున్నారు. పిల్లాడు ఏడిస్తే చూడలేం, వాడేదో అడిగితే జవాబు లేదు, పొద్దున్నే ఆఫీసుంది, అందుకని ఊరికెళ్ళిందని చెప్పేద్దాం. ఈ మాటంటే మా వాళ్ళకి కోపం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు హుద్దు సంగతి. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. ఆ రోజు వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు, గంటకి 180 కిలోమీటర్ల గాలి, ఎయిర్‌పోర్టు కప్పు ఊడిపోయింది, కైలాసగిరి మీద ఆకన్నది లేకుండా పోయి కొండ మొత్తం గోధుమరంగుకి తిరిగింది, రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ కోసం లైన్లు. మురళీనగర్లో మేమప్పుడు అద్దెకుండే ఇంటి ముందు చెట్టు పడిపోతే కొమ్మలు నరకడానికొచ్చినవాళ్ళు దాని కింద నుంచి ఒక ఎర్ర కుక్కపిల్లని బయటికి తీశారు. తల్లి జాడ లేదు. మా ఆయన దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చి, రెండ్రోజులుంచుకుని ఎవరికైనా ఇచ్చేద్దాం అన్నారు. పేరు కోసం ఎవరూ బుర్ర పెట్టలేదు, వీధంతా పొద్దస్తమానం హుద్‌హుద్ హుద్‌హుద్ అనుకుంటుంటే అది హుద్దు అయిపోయింది.

అప్పటికి మాకు పిల్లల్లేరు. అంటే పిల్లలకి హుద్దు లేని ఇల్లు ఎలా ఉంటుందో తెలీదు. పెద్దది లేచి నిలబడటం నేర్చుకుంది దాని వీపు పట్టుకునే. చిన్నోడి సంగతైతే ఇంకో రకం, అన్నం తినేటప్పుడు వాడు కింద పారేసే ప్రతి బీన్స్ ముక్కకీ అక్కడో గిరాకీ రెడీగా ఉండేది, వాడికి ఇష్టంలేని కూరలన్నీ నేను కనిపెట్టేలోపే మాయం. ఒకసారి చిన్నోడు దాని గిన్నెలోంచి పెరుగన్నం తీసుకుని తింటుంటే అత్తయ్య పెట్టిన కేకకి పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరికీ ఏమీ కాలేదు.

పోయినేడాది వానాకాలంలో నీళ్ళు తెగ తాగడం మొదలెట్టింది. రాత్రిళ్ళు ఇంట్లోనే పోసేసేది, చేసినందుకు అదే సిగ్గుపడి సోఫా వెనక దాక్కునేది. రక్తం టెస్టు చేయిస్తే కిడ్నీలన్నారు. కుక్కల్లో ఈ జబ్బుతో వచ్చిన చిక్కేంటంటే, రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగినట్టు కనపడేసరికే కిడ్నీల పనిలో 75 శాతం దాకా పోయి ఉంటుంది, పోయింది తిరిగిరాదు. ఫాస్ఫరస్ తక్కువుండే తిండి, వాంతులాగడానికి మందు, చర్మం కింద సెలైన్, ఇవన్నీ ఉన్నన్నాళ్ళూ కాస్త సుఖంగా ఉంచడానికే అని డాక్టరుగారు మొదటిరోజే దాచకుండా చెప్పారు. సెలైన్ ఎక్కించడం ఇంట్లోనే నేర్చుకున్నాం. మా ఆయన సూది గుచ్చితే, నేను తల పట్టుకుంటే, బాటిల్ పైకెత్తి పట్టుకునే డ్యూటీ మా ఎనిమిదేళ్ళ పెద్దదానిది. చెయ్యి నొప్పెడితే కుర్చీ ఎక్కి నిలబడేది.

ఇప్పుడు చెప్పండి, సెలైన్ బాటిల్ పట్టుకున్న పిల్లని పిలిచి, నీ కుక్కని రాత్రికి రాత్రి ఊరికి పంపించేశాం అంటే అదేమనుకోవాలి? రోగంతో ఉన్నదాన్ని, తనకి ఒక్క మాట కూడా చెప్పకుండా, ఎవరికో ఇచ్చేశాం అనుకోవాలి. చచ్చిపోయిందనే నిజం కంటే ఆ అబద్ధం ఎన్ని రెట్లు ఘోరమో చూడండి. చావుకి ఎవరి మీదా కోపం పెట్టుకోలేం, జబ్బు అంతే. ఇచ్చేశారంటే మాత్రం చేసింది అమ్మా నాన్నా. రేపు మామ్మకి ఒంట్లో బాగోకపోతే మామ్మని కూడా ఎక్కడికో ఇచ్చేస్తారేమో అన్న అనుమానం దాని బుర్రలో ఎందుకు రాదు?

పిల్లల్ని లేపి మంచం మీద కూర్చోబెట్టి చెప్పాను. హుద్దు రాత్రి చచ్చిపోయిందమ్మా, కిడ్నీలు పూర్తిగా ఆగిపోయాయి, ఇంక లేవదు, దానికిప్పుడు నొప్పి కూడా లేదు. పెద్దది ఏడ్చింది. చిన్నోడు నాలుగేళ్ళవాడు, వాడు అక్క మొహం చూసి, నా మొహం చూసి, ఏం చెయ్యాలో తెలీక దుప్పటి నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు అత్తయ్య ఆగలేక, వాడు ఏడ్చేస్తాడేమోనని, దేవుడి దగ్గరికెళ్ళిందిరా నాన్నా అనేశారు.

వాడి మొహం విప్పారింది. మా ఇంట్లో దేవుడంటే అప్పన్న, అప్పన్నంటే సింహాచలం, సింహాచలం అంటే కొండ మీదకెళ్ళే బస్సు, పులిహోర. వాడు టకటకా మంచం దిగి, చెప్పుల స్టాండ్ దగ్గర వేలాడుతున్న గొలుసు తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎందుకురా అంటే, తెచ్చేసుకుందాం అంటాడు. చీకటి పడితే దానికి భయం కదా, మనం ముందే వెళ్ళాలి అంటాడు.

అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆవిడని తప్పుపట్టడానికి చెప్పట్లేదిది, ఆ మాట మనందరి నోటికీ అలవాటే. కానీ పెద్దవాళ్ళకి ఆ మాట వెనక ఇంకో అర్థం ముందే తెలుసు, నాలుగేళ్ళవాడికి తెలీదు. హంగరీలో మారియా నాగీ అని ఒక సైకాలజిస్టు ఉండేవారు, బుడాపెస్ట్ వైపు 3 నుంచి 10 ఏళ్ళ పిల్లలతో మాట్లాడి, బొమ్మలు గీయించి, చావంటే వాళ్ళకేం తెలుసో చూసి రాశారు, 1948లో అచ్చయింది. ఐదేళ్ళలోపు పిల్లలు చావుని ప్రయాణంగానో నిద్రగానో అనుకుంటారని, వెళ్ళినవాళ్ళు వేరేచోట బతికే ఉన్నారనుకుంటారని ఆవిడ గమనించారు. అంటే మా చిన్నోడు గొలుసు పట్టుకుని నిలబడటంలో వింతేం లేదు, ఆ వయసు బుర్ర చేసే పనే అది. మరి ఆ బుర్ర ఎలాగూ అదే అనుకుంటోందని తెలిసీ మనం మళ్ళీ ఊరనీ, దేవుడి దగ్గరికనీ, నిద్రపోయిందనీ చెప్తే ఇంకేమైనా ఉందా, వాడు రోజూ ఎదురుచూస్తాడు, నిద్రపోయిందంటే తను పడుకోడానికి భయపడతాడు. వాడికి అక్కర్లేని భయాలు మనమే తెచ్చిపెట్టినట్టు.

చివరికి వాడికి అర్థమయ్యేలా చెప్పింది మా పెద్దదే. ముక్కు తుడుచుకుంటూ, రాదురా, చచ్చిపోతే రారు, చూడు అది ఊపిరి తీస్తోందా, కడుపు కదులుతోందా అని వాణ్ణి తీసుకెళ్ళి చూపించింది. ముట్టుకోమని నేను ఎవర్నీ బలవంతపెట్టలేదు. పెద్దది దూరం నుంచే చూసింది, చిన్నోడు వెళ్ళి చెవి పట్టుకుని లాగి చూశాడు. రోజూ లాగే చెవే.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ అప్పుడే వచ్చింది. ఆవిడది శ్రీకాకుళం అవతల పల్లె. గుమ్మంలో నిలబడి మా వాదనలన్నీ విని, "గుంటలకి సెప్పకపోతే ఎలాగమ్మా, ఆళ్ళకి తెలీదేటి? మా ఇంట్లో ఎద్దు సచ్చిపోనప్పుడు ఆ పూట పొయ్యి ఎలిగించనేదు, పిల్లాపాపా అందరం కూకోని ఏడిసినాం" అంది. అంతే, చీపురు తీసుకుంది. నేను చెప్పాలనుకున్నదంతా ఆవిడ ఇంతలో చెప్పేసింది. పల్లెటూళ్ళో పుట్టుకా చావూ వాకిట్లోనే జరుగుతాయి, దాచడానికి చోటేదీ? మనకే అపార్ట్‌మెంట్లొచ్చాక, ఐసీయూలొచ్చాక, దాచే సౌకర్యం వచ్చింది.

ఆ రోజు స్కూలు మాన్పించాం. ఫ్లాట్‌లో ఉండేవాళ్ళకి కుక్క పోతే పూడ్చడానికి అడుగు నేల ఉండదు, అదృష్టం కొద్దీ భీమిలి దగ్గర మా చినమావయ్యగారికి జీడితోట ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళాలా వద్దా అని దానికో పెద్ద పంచాయితీ. తీసుకెళ్ళాం. బయల్దేరేముందు, పొద్దున్నుంచి నాతో మాట్లాడని అత్తయ్య బీరువా తీసి తన మెత్తటి నేత చీర ఒకటి తెచ్చి, ఆ దుప్పటి కంపు కొడుతోంది దీంట్లో చుట్టండి అన్నారు. మంచి చీర అది, పాతది కూడా కాదు.

బీచ్ రోడ్డంతా మామూలుగానే ఉంది, ఋషికొండ దగ్గర టూరిస్టు బస్సులు, మంగమారిపేట దగ్గర వలలు ఆరబెట్టుకుంటున్నారు, చిన్నోడు దారిలో కొబ్బరిబోండాం అడిగి తాగాడు. ఇది చాలామందికి నచ్చదు. చూశావా వాడికేం బాధ లేదు, అనవసరంగా చెప్పావ్ అంటారు. పిల్లల బాధ మనలాగా గంటల తరబడి ఒకేచోట కూర్చోదు. ఏడుస్తారు, బోండాం తాగుతారు, మళ్ళీ ఏడుస్తారు, మధ్యలో కిటికీలోంచి బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ కనపడిందా లేదా అని కొట్టుకుంటారు. అది బాధ లేకపోవడం కాదు, వాళ్ళ బాధ నడిచే పద్ధతి అంతే.

తోటలో ఎర్రమట్టి. తవ్వేవాళ్ళు మూడడుగులు పోయాక, కింద రాళ్ళుప్పు వేసి దించారు. లోతు ముఖ్యం, లేకపోతే వేరే కుక్కలు తవ్వేస్తాయి. అక్కడ మొదలయ్యాయి ప్రశ్నలు. లోపల ఊపిరాడుతుందా? వానొస్తే తడుస్తుందా? చీకట్లో దానికి భయమేస్తుందా? ఒక్కోదానికీ జవాబు చెప్పాం. ఊపిరి అక్కర్లేదు. తడిసినా తెలీదు. భయమెయ్యదు, భయపడటానికి ప్రాణం ఉండాలి. అమెరికాలో స్పీస్, బ్రెంట్ అని ఇద్దరు అప్పటిదాకా వచ్చిన ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసి 1984లో రాసిన పేపరొకటుంది. పిల్లలు చావు గురించి మూడు సంగతులు నేర్చుకోవాలట, పోయినవాళ్ళు తిరిగిరారని, పోయిన ఒళ్ళు ఏ పనీ చెయ్యదని, ప్రాణమున్న ప్రతీదీ పోతుందని. ఎక్కువమందికి ఐదు ఏడేళ్ళ మధ్య ఈ మూడూ తెలిసొస్తాయన్నారు. మావాడు ఆ గోతి పక్కన నిలబడి రెండోది నేర్చుకుంటున్నాడు, అదీ తనంతట తనే ప్రశ్నలు వేసి. ఇంట్లో కూర్చోబెట్టి టీవీ పెట్టుంటే ఆ ప్రశ్నలు ఎవర్ని అడిగేవాడు?

వాడు జేబులోంచి పార్లే-జీ బిస్కెట్ తీసి గోతిలో వేశాడు. దానికింక ఆకలెయ్యదన్నావు కదరా అంది అక్క. తెలుసు, ఉండనీ అన్నాడు.

ఇదంతా చూసి చినమావయ్యగారు, కుక్కకి కర్మకాండ చేయించేలా ఉన్నావమ్మా కోడలా, పూర్వం ఎవరైనా చేశారా ఇలా అని నవ్వారు. పూర్వం అంటే ఎంత పూర్వం? జర్మనీలో బాన్ ఊరి పక్కన ఓబర్‌కాసెల్ దగ్గర 1914లో రాళ్ళ క్వారీలో పనిచేసేవాళ్ళకి ఒక సమాధి దొరికింది, ఒక మగ, ఒక ఆడ, వాళ్ళతోపాటు ఒక కుక్క. సుమారు 14,000 ఏళ్ళనాటిది. అప్పటికింకా వ్యవసాయం లేదు. తర్వాత ఆ కుక్క పళ్ళు పరీక్ష చేసినవాళ్ళు, దానికి పిల్లప్పుడే డిస్టెంపర్ అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు చేసిందని, మనుషులు వారాల తరబడి దగ్గరుండి చూసుకోకపోతే అన్నాళ్ళు బతికుండేది కాదని చెప్పారు. వేటకీ కాపలాకీ పనికిరాని జబ్బు కుక్కపిల్లకి ఎవరో తినిపించి, తుడిచి, పోయాక మనుషుల పక్కన పూడ్చారు. సెలైన్ బాటిల్ లేదంతే. ఇది చెప్తే చినమావయ్యగారు, అయితే సరే అని ఆ చోట గుర్తుకి ఒక రాయి కూడా పెట్టించారు.

ఇంటికొచ్చాక అసలు రగడ మొదలైంది. మూడు నాలుగు రోజులకి పిల్లలిద్దరూ ఒక కొత్త ఆట కనిపెట్టారు. చిన్నోడు హుద్దు, నేల మీద పడుకుంటాడు. పెద్దది డాక్టరు, స్కెచ్ పెన్నుతో ఇంజెక్షన్ చేస్తుంది. తర్వాత చెవి పెట్టి విని, చచ్చిపోయిందండీ అంటుంది. తువ్వాలు కప్పుతుంది. తువ్వాలు కింద వీడు నవ్వాపుకోలేక కదులుతాడు, కదలకు నువ్వు చచ్చిపోయావు అని అది తిడుతుంది. తర్వాత డ్యూటీలు మారతారు. అత్తయ్యకి గుండె ఆగినంత పనైంది, శుక్రవారం పూట సంధ్యవేళ ఏంటా అశుభం ఆటలని. కొట్టినంత పని చేశారు. నేను అడ్డుపడ్డాను. ఎందుకంటే నాకు ఆ ఆటలో ఒక వరస కనపడింది, మొదట్లో తువ్వాలు కప్పాక హుద్దు లేచి పరిగెత్తేసేది, కొన్నాళ్ళకి లేవడం మానేసింది, ఆ తర్వాత ఆటలోకి కారొచ్చింది, జీడితోట వచ్చింది, ఉప్పొచ్చింది. పెద్దవాళ్ళం మనం పోయినవాళ్ళ గురించి వచ్చినవాళ్ళందరికీ మొదట్నుంచీ మళ్ళీ మళ్ళీ చెప్తాం చూడండి, రాత్రి భోంచేశారు, బానే ఉన్నారు, పొద్దున్న ఛాతీలో నొప్పన్నారు అని పరామర్శకి వచ్చిన ప్రతి మనిషికీ. అది కూడా ఇదే పని. పిల్లలకి పరామర్శకి ఎవరూ రారు కాబట్టి ఆడుకుంటారు. నెల తిరక్కుండా ఆ ఆట దానంతటదే పోయింది, దాని స్థానంలో బస్సు కండక్టర్ ఆట వచ్చింది.

స్కూల్లో చిన్నోడు అందరికీ చెప్పాడట, మా కుక్క చచ్చిపోయింది, గోతిలో పెట్టాం, మీ కుక్క కూడా చచ్చిపోతుంది అని. ఒక పాప ఏడ్చింది. ఫోనొచ్చింది, ఇలాంటివి మాట్లాడకుండా చూసుకోండి మేడమ్ అని. ఆ పాప వాళ్ళమ్మకి నేను విడిగా ఫోన్ చేసి మాట్లాడాను, ఆవిడ నవ్వేసి, మా దానికి చేపలతొట్టి ఉందండీ, రోజూ లెక్కపెట్టుకుంటోంది ఇప్పుడు అంది. మాట్లాడకుండా చూసుకోడం మాత్రం నా వల్ల కాదని స్కూలువాళ్ళకి మర్యాదగానే చెప్పాను.

కష్టమైన ప్రశ్న మాత్రం ఒక ఆదివారం బీచ్‌లో వచ్చింది. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని కూర్చున్నాం, పెద్దది ఎక్కడో విన్నది, కుక్క వయసుని ఏడుతో గుణిస్తే మనిషి వయసొస్తుందని. (ఆ లెక్క సరికాదు. కుక్క మొదటి ఏడాదిలోనే పదిహేనేళ్ళ పిల్లంత ఎదిగిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, పెద్ద జాతివి తొందరగా ముసలివైపోతాయి.) అది వేళ్ళ మీద పదేడులు డెబ్భై అని, అత్తయ్య వైపు తిరిగి, మామ్మా నీకెన్నేళ్ళు అంది. ఆవిడకి అరవై తొమ్మిది. పిల్ల నోట మాట లేదు. పొట్లం పక్కన పెట్టేసింది.

ఇదిగో, పెద్దవాళ్ళు భయపడేది ఈ క్షణానికే. కుక్క సంగతి చెప్తే అది ఇక్కడిదాకా వస్తుందని వాళ్ళకి ముందే తెలుసు. కానీ ఈ ప్రశ్న కుక్క చచ్చిపోవడం వల్ల పుట్టింది కాదు, పెరిగే ప్రతి పిల్ల బుర్రలోకీ ఏదో ఒక రోజు వస్తుంది, అడగడానికి పక్కన మనిషి ఉన్నారా లేరా అన్నదే తేడా. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు. "నేనూ పోతానే. అందరం పోతాం. కానీ నాకిప్పుడు ఒంట్లో బానే ఉంది, మోకాళ్ళు తప్ప. నీ పదోక్లాసు రిజల్ట్ చూడకుండా ఎక్కడికీ కదల్ను" అన్నారు. పదోక్లాసు అయ్యాక? అంది ఇది. అప్పుడు ఇంటర్ అన్నారావిడ. ఇది కాసేపాలోచించి పొట్లం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. దేవుడి దగ్గరికెళ్ళిందిరా అన్న మనిషే ఈవిడ. పిల్లలు సూటిగా అడగడం మొదలెట్టాక ఇంట్లో అందరికీ సూటిగా చెప్పడం అలవాటైంది.

అత్తయ్యే ఒకరోజు రాత్రి ధర్మరాజు కథ చెప్పారు. పాండవులు హిమాలయాలెక్కడం, ఒక్కొక్కళ్ళూ పడిపోవడం, చివరిదాకా కుక్కొకటే వెంట రావడం, అది లేకపోతే స్వర్గం కూడా వద్దనడం. పిల్లలు కళ్ళార్పకుండా విన్నారు. చివర్లో ఆ కుక్క నిజానికి యమధర్మరాజు అని చెప్పేసరికి చిన్నోడు లేచి కూర్చుని, అంటే మన హుద్దు యముడా? అన్నాడు. ఒకటే నవ్వు ఇంట్లో. మా ఆయన అయితే మంచం మీద దొర్లారు, అది పోయాక ఆయన అలా నవ్వడం అదే మొదలు.

ఆయన గురించి కూడా చెప్పాలి. తుఫానులో తువ్వాల్లో చుట్టి తెచ్చిన మనిషి. ఆ పొద్దున్న బాత్రూంలో ట్యాప్ తిప్పి ఏడ్చారు, పిల్లలకి వినపడకూడదని. వినపడింది. చిన్నోడు తలుపు కొట్టి, నాన్నా నేను కూడా ఏడవాలి, తలుపు తియ్యి అన్నాడు. తీశారు. చెప్పకుండా దాచే ఇళ్ళల్లో ఈ తలుపు తెరుచుకోదు. నాన్న ఎర్ర కళ్ళతో బయటికొచ్చి, ఏం లేదు సబ్బు పడిందంటాడు, పిల్లాడు ఆ అబద్ధం కూడా నేర్చుకుంటాడు.

కొత్త కుక్కపిల్ల గోల ఇంకోటి. వారం తిరిగిందో లేదో మా బావగారు ఫోన్, లాబ్రడార్ పిల్ల ఉంది, తెచ్చి పిల్లల చేతిలో పెట్టు, అంతా మర్చిపోతారు అని. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఎందుకు మర్చిపోవాలి? పదేళ్ళు ఇంట్లో మనిషిలా తిరిగిన ప్రాణి స్థానం వారంలో భర్తీ అయిపోతుందని పిల్లలకి చూపిస్తే, వాళ్ళు కుక్కల గురించి ఒక్కటే కాదు, తమ గురించి కూడా ఏదో లెక్కేసుకుంటారు. పైగా ఆ వచ్చే పిల్లకి అన్యాయం, పాపం అది వచ్చిన రోజు నుంచీ హుద్దులా లేదనిపించుకోవాలి. కొన్నాళ్ళయ్యాక పిల్లలే అడిగితే చూద్దాం అన్నాం. ఇంకా అడగలేదు. పెద్దది మాత్రం ఒక షరతు ముందే పెట్టింది, ఏది వచ్చినా హుద్దు గిన్నెలో పెట్టకూడదు, వేరే గిన్నె కొనాలి.

ఇప్పుడు మా ఇంట్లో హుద్దు మాట రోజూ వస్తుంది, ఏడుపుతో కాదు. చిన్నోడు ఇడ్లీ ముక్క కింద పడేసి, అలవాటుగా రెండు క్షణాలు చూసి, తనే వంగి తీస్తాడు. ఆదివారం కానాగంత చేపలు కడుగుతుంటే, తలకాయలు ఇప్పుడెవరికి అని అడుగుతారు, కింద పిల్లికి. నాగుల చవితికి మా వైపు మళ్ళీ టపాకాయలు కాలుస్తారు కదా, ఈసారి కూడా పెద్దది, హుద్దు దాక్కోడానికి పరిచినట్టే, మంచం కింద దుప్పటి పరిచి, అలవాటైపోయిందమ్మా అంది, తర్వాత తనే దూరి కూర్చుంది. వచ్చిన చుట్టాలు ఇవన్నీ చూసి అయ్యో ఇంకా మర్చిపోలేదా అని జాలిపడతారు. మర్చిపోకపోవడం జబ్బన్నట్టు. చచ్చిపోయిందని తెలిసి గుర్తు చేసుకోవడం వేరు, ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు చూడటం వేరు. మా పిల్లలు గుమ్మం వైపు చూడరు.

ఒక్కటే ఇప్పుడు మా ఇంట్లో తెగని గొడవ. అత్తయ్య ఈ మధ్య హుద్దుని మహానుభావురాల్ని చేసేస్తున్నారు. ఎవరొచ్చినా, మా హుద్దు దొంగని పట్టిందండీ, అర్ధరాత్రి ప్యాంటు పట్టుకుని వదల్లేదు అని మొదలెడతారు. పిల్లలు ఊరుకోరు. మామ్మా అది దొంగ కాదు, కరెంటు మీటర్ చూసే అంకుల్, అర్ధరాత్రి కాదు, మధ్యాహ్నం, ప్యాంటు కాదు, పిక్క అని ఇద్దరూ ఒకేసారి. వ్యాక్సిన్లన్నీ వేయించిన కుక్కే అయినా పాపం ఆయన కేజీహెచ్ పెద్దాసుపత్రికెళ్ళి సూదులు వేయించుకోవాల్సొచ్చింది, మేం పది రోజులు దాన్ని కట్టేసి గమనించాల్సొచ్చింది, ఆయన ఆటో ఖర్చులూ మందుల ఖర్చులూ మా ఆయనే పెట్టుకున్నారు. అత్తయ్య, పోయినదాని గురించి అలా చెప్పకూడదర్రా అంటారు. కరిచింది కదా మరి అంటాడు చిన్నోడు. మీటర్ అంకుల్ మొన్న నెల బిల్లివ్వడానికొచ్చి గేటు బయటే నిలబడి, కట్టేశారా అండీ అని అరిచాడు. చిన్నోడు బాల్కనీలోంచి, చచ్చిపోయింది అంకుల్, రండి రండి అని కేకేశాడు. ఆయన అయినా ఓసారి వంగి చూసుకునే లోపలికొచ్చాడు.